తార్కికులను ఏ శాఖలో లెక్కిద్దాం?

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళా పరిషత్తు తన నూరేళ్ల లెక్కలు చూసుకుంటున్న సమయమిది. ఇలాంటప్పుడు ఏ శాఖ ఎంతమంది పెద్దలను ఇచ్చిందో చెప్పుకోవడం ఆనవాయితీ. రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా పనిచేసిన చోటు కాబట్టి తత్వశాస్త్రానికి ఒక పేజీ ఎలాగూ దక్కుతుంది. సి.ఆర్. రావు చదువుకున్న చోటు కాబట్టి గణితానికీ దక్కుతుంది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరులో పనిచేసిన తార్కికులెవరు అని అడిగితే మాత్రం ఏ పేజీ తిప్పాలో ఎవరికీ పాలుపోదు. ఇది ఒక్క విశాఖ ఇబ్బంది కాదు. డ్యూయీ వర్గీకరణ పాటించే ఏ గ్రంథాలయంలోనైనా తర్కం రెండు బీరువాల్లో ఉంటుంది: 160 అంకె కింద తత్వశాస్త్రం వరుసలో ఒకటి, 511.3 కింద గణితం వరుసలో ఇంకొకటి. గణితం పాఠాలు చెప్పి, ఆ తర్వాత గ్రంథాలయాల వైపు మళ్లిన మన రంగనాథన్ కూడా తన కోలన్ పద్ధతిలో తర్కాన్ని తత్వశాస్త్రం కిందే పెట్టారు. బీరువా ఎక్కడుంటే ఏమిటని అనుకోవచ్చు. కానీ పుస్తకాలకు వేసిన ఈ చీటీనే మనుషులకూ అంటించి, తార్కికుడు గణితజ్ఞుడా, తత్వవేత్తా అని తేల్చమంటున్నాం. ఆ ప్రశ్నే పెడదారి పట్టిస్తోంది. జీతమిచ్చే శాఖను బట్టి తార్కికులను గుర్తించలేం, వాళ్లు వేసే ప్రశ్నను బట్టే గుర్తించాలి. దేని నుంచి ఏది తేలుతుంది, ఎందుకు తేలుతుంది అని అడిగేవాళ్లు తార్కికులు. వాళ్ల పనిని రెండు శాఖలూ తమ ఖాతాలో వేసుకోవాలి. ఇలా చేయకపోతే నష్టం ఎలా ఉంటుందో వాల్తేరు చరిత్రే చెబుతుంది.

ముందు గణితశాఖ సంగతి. 1965లో కె.ఎల్.ఎన్. స్వామి రాసిన ఒక పత్రం జర్మనీలో పేరున్న ‘మాథమాటిషె అన్నాలెన్’ పత్రికలో వచ్చింది. దాని వెనక ఉన్న ప్రశ్న అమెరికా గణితజ్ఞుడు గారెట్ బిర్కాఫ్ లాటిస్‌ల (ఏ రెండు మూలకాలకైనా ఒక కనిష్ఠ ఎగువ హద్దూ ఒక గరిష్ఠ దిగువ హద్దూ ఉండే క్రమ నిర్మాణాల) మీద రాసిన తన గ్రంథంలో వదిలిపెట్టినది. అవును, కాదు అనే లెక్కలు చేసే బూలియన్ బీజగణితం ఒక పక్క, సంఖ్యల మాదిరి కూడికా హెచ్చుతగ్గులూ ఉండే క్రమ సమూహాలు మరో పక్క. ఈ రెండూ ఇమిడే ఉమ్మడి నిర్మాణం ఏదైనా ఉందా అన్నది ఆ ప్రశ్న. స్వామి దాన్ని తీసివేత వైపు నుంచి అందుకున్నారు. 100 రూపాయల బాకీలో 60 కట్టేశాక ఇంకా కనీసం ఎంత కలిపితే బాకీ తీరుతుంది? 40. ఇప్పుడు సంఖ్యల స్థానంలో సమితులను, కూడిక స్థానంలో సమ్మేళనాన్ని పెట్టి చూడండి. చేతిలో ఉన్న సమితికి కనీసం ఏది కలిపితే కావలసిన సమితి పూర్తవుతుంది? అందులో ఉండి, మన దగ్గర లేని మూలకాలు. రెండు చోట్లా పనిచేసింది ఒకే నియమం. దాని మీద ఆయన కట్టిన వ్యవస్థలో బూలియన్ బీజగణితమూ ఇముడుతుంది, క్రమ సమూహమూ ఇముడుతుంది. పత్రం శీర్షికలో తర్కం ఊసు లేదు. అయితే ఆ తీసివేతను తిరగేసి చూస్తే, పాత పదో తరగతి లెక్కల పుస్తకంలో ‘ప్రవచనాలు - సమితులు’ అధ్యాయం చదివిన వాళ్లందరికీ తెలిసిన అనుషంగికమే కనిపిస్తుంది: ఇది అయితే అది. 1998లో చెక్ గణితజ్ఞుడు యిర్జీ రాహూనెక్ ఒక ఫలితం నిరూపించారు. స్వామి వ్యవస్థల్లో ఒక తరగతీ, ఎంవీ బీజగణితాలూ సారంలో ఒకటేనని దాని అర్థం. ఎంవీ బీజగణితాలంటే, సత్యానికీ అసత్యానికీ నడుమ ఎన్నో మెట్లు ఒప్పుకునే లుకాసీవిచ్ తర్కానికి 1958లో సి.సి. చాంగ్ ఇచ్చిన బీజగణిత రూపం. వాల్తేరులో బీజగణితంగా పుట్టిన పని ఐరోపాలో తర్కంగా తేలింది. అది ఒక్కటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. 1981లో యు.ఎం. స్వామి, జి.సి. రావు బూలియన్ బీజగణితానికి వచ్చిన పలు విస్తరణలను ఒకే నిర్మాణం కిందికి తెచ్చారు. ఆ తర్వాత అదే శాఖలో నిజం, అబద్ధాలతో పాటు విలువ తేలని మూడో స్థితినీ ఒప్పుకునే సీ-ఆల్జీబ్రాల మీద పని జరిగింది. జవాబివ్వకుండా మధ్యలో ఆగిపోయే కంప్యూటర్ ప్రోగ్రామును వర్ణించడానికి కావలసిన తర్కం అదే.

ఇక తత్వశాస్త్ర శాఖ. అక్కడ చాలాకాలం పాఠాలు చెప్పి, తర్వాత రాజస్థాన్‌కూ, ఆపైన అమెరికాలోని వూస్టర్ కాలేజీకీ వెళ్లిన పూళ్ల తిరుపతిరాజు 1954లో ‘రివ్యూ ఆఫ్ మెటాఫిజిక్స్’ పత్రికలో భారతీయ దర్శనాల్లోని చతుష్కోటి నిషేధం మీద వ్యాసం రాశారు. ఉంది, లేదు, ఉండీ లేదు, ఉన్నదీ కాదు లేనిదీ కాదు అనే నాలుగు కోణాలనూ తోసిపుచ్చే పద్ధతి అది. మన సంప్రదాయం నాగార్జునకొండతో ముడిపెట్టే నాగార్జునుడి మాధ్యమిక వాదంలో దాని పదును తెలుస్తుంది. మూడో కోణం విరుద్ధం కదా, మొదటి రెండూ కాదన్నాక నాలుగో కోణానికి చోటెక్కడిది అన్న ప్రశ్నలను కేవలం వేదాంత చర్చగా చూసి పక్కన పెట్టేవాళ్లున్నారు. కానీ 1977లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ తత్వశాస్త్ర ఆచార్యుడు న్యూయెల్ బెల్నాప్, కంప్యూటర్ ఎలా ఆలోచించాలి అన్న ప్రశ్నకు జవాబుగా నాలుగు విలువల తర్కాన్ని ప్రతిపాదించారు. ఉదాహరణకు రేవులో ఒక ఓడ బెర్తుకు చేరిందని ఒక విభాగం, ఇంకా చేరలేదని మరో విభాగం నమోదు చేశాయనుకుందాం. మామూలు తర్కంలో ఒక్క వైరుధ్యం దొరికితే చాలు, దాని నుంచి ఏదైనా తేలిపోతుంది. ఆ లెక్కన సంబంధం లేని మరో ఓడ గురించి అడిగినా ఆ కంప్యూటరు నోటికొచ్చిన జవాబు చెప్పవచ్చు. అలా కాకుండా అవునని సమాచారం ఉంది, కాదని ఉంది, రెండూ ఉన్నాయి, ఏదీ లేదు అని నాలుగు స్థితులు పెట్టుకుంటే గందరగోళం ఆ ఒక్క ఓడ దగ్గరే ఆగుతుంది. నాగార్జునుడు తోసిపుచ్చిన నాలుగూ, బెల్నాప్ ఉంచుకున్న నాలుగూ ఒకటేనని చెప్పడం తొందరపాటు. మొదటివి వస్తువు స్వభావం గురించినవి, రెండోవి మనకున్న సమాచారం గురించినవి. కానీ ఒక మాట కచ్చితంగా చెప్పవచ్చు. బెల్నాప్ నాలుగు విలువలూ కలిసి ఒక లాటిస్ అవుతాయి. అంటే తత్వశాస్త్ర ఆచార్యుడు చేరుకున్న వస్తువూ, వాల్తేరు గణితశాఖ దశాబ్దాలుగా తరచి చూసిన వస్తువూ ఒకే జాతివి.

మనుషులను శాఖలుగా విడగొట్టే ప్రయత్నం ప్రపంచంలో ఎక్కడా నిలబడలేదు. ఆధునిక తర్కానికి 1879లో పునాది వేసిన ఫ్రేగె యేనా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పేవారు. ఆయనను ఇవాళ ఎక్కువగా చదివేది తత్వశాస్త్ర విద్యార్థులు. ట్యూరింగ్ 1936లో గణనకు హద్దులు చూపిన పత్రాన్ని లండన్ గణిత సంఘం ప్రచురించింది. యంత్రాలు ఆలోచించగలవా అన్న 1950 నాటి వ్యాసం ‘మైండ్’ అనే తత్వశాస్త్ర పత్రికలో వచ్చింది. ప్రిన్స్‌టన్ గణితశాఖలో దశాబ్దాలు గడిపిన అలాంజో చర్చ్ 1967లో లాస్ ఏంజెలెస్‌కు వెళ్లి అక్కడ తత్వశాస్త్రమూ గణితమూ రెండూ చెప్పారు. సోల్ క్రిప్కీ చదివిన పట్టా గణితంలో, కూర్చున్న ఆచార్య పీఠం తత్వశాస్త్రంలో. వీళ్లలో ఎవరూ వృత్తి మారలేదు. అడిగిన ప్రశ్న అదే, చేసిన పని అదే, గది తలుపు మీది పలక మాత్రం మారింది. ప్రశ్నను బట్టి లెక్కిస్తే నిరూపణలు చేసే ప్రతి గణితజ్ఞుడూ, వాదించే ప్రతి తత్వవేత్తా తార్కికుడే అయిపోడా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. అవడు. గణితజ్ఞుడు అనుమానాన్ని (ఒకదాని నుంచి మరొకటి తేల్చడాన్ని) వాడుకుంటాడు, తార్కికుడు ఆ అనుమానాన్నే బల్ల మీద పెట్టి పరీక్షిస్తాడు. ఈ నిరూపణ సరైనదేనా అన్నది మొదటివాడి చింత. అసలు నిరూపణ అంటే ఏమిటి, అది ఎంతదూరం పోగలదు అన్నది రెండోవాడి చింత. 1931లో గోడెల్ చూపినది ఈ రెండో రకం. అంకగణితాన్ని ఇముడ్చుకోగల, యాంత్రికంగా సరిచూడగల ఏ నియమాల వ్యవస్థ తీసుకున్నా, అందులో వైరుధ్యం లేనంతవరకూ, ఆ నియమాలతో అవుననో కాదనో తేల్చలేని వాక్యం ఒకటి ఉండితీరుతుంది.

తర్కం రెండు శాఖల మధ్య తగవుగా మిగిలితే మూడో పక్షమైన ఇంజినీరింగ్ పనికి అడ్డం పడుతుంది. ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న ఈ ఊరికి ఆ మూడో పక్షం కొత్త కాదు. ఖనిజమో బొగ్గో మోసే కన్వేయర్ బెల్టులు వరుసగా మూడు ఉన్నాయనుకోండి. మూడోది తిరగకుండా రెండోది తిరగకూడదు, రెండోది తిరగకుండా మొదటిది తిరగకూడదు. లేకపోతే సరుకు మధ్యలో గుట్టపడుతుంది. కాబట్టి మొదటి బెల్టు కదలాలంటే రెండోది తిరుగుతుండాలి, ఎవరూ పుల్‌కార్డ్ లాగి ఉండకూడదు, కంట్రోల్ రూమ్ నుంచి గానీ బెల్టు పక్కనున్న బటన్ నుంచి గానీ ఆదేశం రావాలి. ఇంటర్‌లాక్ అని పనివాళ్లు పిలిచే ఈ ఏర్పాటులో ఉన్నవి మరియు, లేదా, కాదు అనే మూడు మాటలే. ఒకప్పుడు రిలేలతో, ఇప్పుడు పీఎల్‌సీలతో నడుస్తున్న ఈ పద్ధతికి సిద్ధాంతం ఇచ్చింది క్లాడ్ షానన్ 1937లో రాసిన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసం. స్విచ్చుల వలయాలకు బూలియన్ బీజగణితం సరిగ్గా అతుకుతుందని అందులో ఆయన చూపించారు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విద్యార్థికి బూలు బీజగణితం ఎక్కడ తగిలింది? మిషిగన్ విశ్వవిద్యాలయంలో తీసుకున్న తత్వశాస్త్రం కోర్సులో. బూలు స్వయంగా గణితజ్ఞుడు, 1854లో ఆయన రాసింది ఆలోచనా నియమాల గురించి. గణితజ్ఞుడు రాసినది తత్వశాస్త్ర తరగతి గుండా ఇంజినీరుకు చేరి కన్వేయర్ బెల్టును ఆపుతోంది. ఈ దారిలో ఏ మలుపు దగ్గర గోడ కట్టినా బండి అక్కడే నిలిచిపోయేది.

మన పాత చదువులు ఈ తగవును వేరే విధంగా తీర్చాయి. కౌటిల్యుడు విద్యలను నాలుగుగా విభజించి, హేతువిచారణ చేసే ఆన్వీక్షికిని మిగతా మూడింటికీ దీపంగా లెక్కించాడు. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని పండితులు చెబుతారు. ఆ చిన్న పుస్తకం దేశమంతటా తర్కం మొదలుపెట్టే విద్యార్థికి తొలి పాఠం. వ్యాకరణం చదివేవాడికీ, మీమాంస చదివేవాడికీ, వేదాంతం చదివేవాడికీ అది అవసరమే. కొండ మీద పొగ చూసి నిప్పుందని చెప్పేటప్పుడు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు మెట్లు ఎక్కాలని, హేతువు ఎక్కడెక్కడ బోల్తా కొడుతుందో హేత్వాభాసాల పట్టిక చూసి తెలుసుకోవాలని అది నేర్పుతుంది. అయితే దీన్ని పట్టుకుని ఆధునిక తర్కమంతా మన దగ్గర ముందే ఉందనే ధోరణికి పోతే నిజానికి అన్యాయం చేసినట్టే. అన్నంభట్టు చూసేది యథార్థ జ్ఞానం ఎలా కలుగుతుందన్నది. విషయం ఏదైనా కానీ, వాక్యాల రూపాన్ని బట్టే ఒకదాని నుంచి మరొకటి తేలుతుందా అని చూసేది ఫ్రేగె. ఆధారవాక్యం అబద్ధమైనా రూపం సరిగా ఉంటే అనుమానం చెల్లుతుందన్న మాట అన్నంభట్టు లాంటి నైయాయికుడికి, అంటే న్యాయదర్శనం అనుసరించేవాడికి, రుచించదు. ఈ తేడాను బయటపెట్టి, రెండింటికీ సరిగ్గా ఎక్కడ పొసగదో చెప్పాలంటే సంస్కృతం, తత్వశాస్త్రం, గణితం తెలిసినవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. పాత ఏర్పాటు నుంచి మనం తీసుకోవలసింది గర్వాన్ని కాదు, తర్కాన్ని ఏ ఒక్క శాస్త్రానికో సొంతం చేయని ఆ పద్ధతిని.

దీనికి గట్టి అభ్యంతరం గణితం వైపు నుంచి వస్తుంది. ఈనాటి సమితి సిద్ధాంతం, మోడల్ సిద్ధాంతం చదవడానికే ఏళ్లు పడుతుంది. వాటిలో మంచిచెడ్డలు తత్వశాస్త్ర ఆచార్యుడు ఎలా చెప్పగలడు? ఇందులో నిజముంది. 1963లో పాల్ కోహెన్, అనంత సమితుల పరిమాణాలకు సంబంధించిన కంటిన్యుయం పరికల్పన గురించి చేసిన నిరూపణను సరిచూడటం గణితం వచ్చినవాడి పనే. అందుకే 1966లో ఆయనకు గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకం ఇచ్చారు. కానీ ఆ నిరూపణ చెప్పిందేమిటి? ఆ పరికల్పన నిజమో కాదో, మనం వాడుతున్న సమితి సిద్ధాంత నియమాలు తేల్చలేవని. అలాంటప్పుడు దానికి సత్యాసత్యాలు ఉన్నాయా, లేక మనమే నియమాలు ఎంచుకోవాలా? ఈ ప్రశ్న దగ్గర నిరూపణ పూర్తయింది, తగవు పూర్తి కాలేదు. నిరూపణను గణితం వాళ్లు పరీక్షించాలి, దాని అర్థాన్ని తత్వశాస్త్రం వాళ్లు పరీక్షించాలి. ఒకరికొకరు పరీక్షాధికారులుగా ఉండటమంటే ఒకరి పని ఇంకొకరు చేయడమని కాదు.

శాఖ పేరు కార్యాలయ వ్యవహారం మాత్రమే, మంచి పని ఎక్కడున్నా బయటికొస్తుంది అన్నది ఇంకో అభ్యంతరం. బయటికొస్తుంది, ఎప్పుడన్నదే లెక్క. చాంగ్ ఎంవీ బీజగణితాలు 1958లోనే అచ్చయ్యాయి, స్వామి పత్రం 1965లో వచ్చింది. రెండింటికీ ఉన్న చుట్టరికాన్ని రుజువు చేయడానికి 1998 దాకా పట్టింది. ఆ 33 ఏళ్ల జాప్యానికి శాఖల గోడలే ఏకైక కారణమని అనలేం. కానీ గణిత పత్రాల అంతర్జాతీయ వర్గీకరణలో తర్కానికి 03, లాటిస్‌లకు 06 అని వేర్వేరు అంకెలు పడ్డాక ఒక వరుస చదివేవాడు రెండో వరుసను తరచుగా చూడడు. మన దేశంలో ఆ గోడ ఇంకా ఎత్తు. తర్కం బోధించాలనుకునే యువతికి నెట్ పరీక్షలో తర్కం అనే సబ్జెక్టు లేదు. తత్వశాస్త్రంలో రాయాలి, లేదంటే సీఎస్ఐఆర్ పెట్టే గణిత శాస్త్రాల పరీక్ష రాయాలి, న్యాయదర్శనమైతే సంప్రదాయ సంస్కృత విషయాల కింద రాయాలి. ఇందులోని విడ్డూరం ఏమిటంటే, యూజీసీ నెట్ అభ్యర్థులందరికీ ఉమ్మడిగా ఉండే మొదటి పేపరులో ప్రమాణాలు, వ్యాప్తి, హేత్వాభాసాలు పాఠ్యాంశాలు. కామర్స్ చెప్పబోయేవాడు కూడా హేత్వాభాసాలు చదవాలి. ఆ హేత్వాభాసాలే జీవితవృత్తిగా చదివినవాళ్లు మాత్రం ఏ వాకిట్లో నిలబడాలో వెతుక్కోవాలి.

ఇంత చిన్న రంగానికి కొత్త శాఖ పెట్టమంటారా అని అడిగితే, వద్దు. ప్రత్యేక శాఖ పెడితే మూడో గోడ లేస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య వార్సా నగరం తర్కానికి రాజధానిగా వెలగడానికి కారణం అక్కడి ఏర్పాటు. తత్వశాస్త్రం నుంచి వచ్చిన లుకాసీవిచ్ గణిత, ప్రకృతి విజ్ఞానాల ఫ్యాకల్టీలో కూర్చుని పాఠం చెప్పారు, ఆ బెంచీల్లోంచే టార్‌స్కీ వచ్చారు. ఆ టార్‌స్కీ తర్వాత బర్క్‌లీలో గణితం, తత్వశాస్త్రం కలిపి తర్కానికి ఒక బృందాన్ని నిలబెట్టారు. అక్కడ విద్యార్థి రెండు వైపులా పరీక్షలు రాయాలి. విశాఖలో అంత ఖర్చు కూడా అక్కర్లేదు. మేజర్, మైనర్ అంటూ 2020 జాతీయ విద్యావిధానం తెరిచిన దారిలో తత్వశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్, సంస్కృతం విద్యార్థులు కలిసి చదివే ఒక తర్కం పేపరు, తర్కంలో పీహెచ్‌డీ చేసేవారికి రెండు శాఖల నుంచి ఇద్దరు గైడ్లు, నియామక ప్రకటనల్లో రెండు శాఖల కిందా తర్కం పేరు ఉంటే చాలు. నూరేళ్ల సంచికలో తార్కికుల జాబితా కూడా వేయాలి. అందులో తిరుపతిరాజు పక్కనే కె.ఎల్.ఎన్. స్వామి పేరు రావాలి. ఒకరు చతుష్కోటి మీద, ఒకరు తీసివేత మీద రాశారని, ఇద్దరూ అడిగింది దేని నుంచి ఏది తేలుతుందనేనని కొత్తగా చేరే విద్యార్థికి మొదటి తరగతిలోనే తెలిస్తే, తర్వాతి పత్రానికి అర్థం తెలియడానికి ఇంకో 33 ఏళ్లు ఆగనక్కర్లేదు.